రంగం టేకు, అవా దూలాలు, అమరపుర వంతెన

పోయినేడు నగరత్‌పేటలో మా నాయన మేనత్త వాళ్ళ తొట్టి ఇల్లు పడగొట్టారు. అన్నదమ్ముల వాటాలు తేలాయి, బిల్డరు వచ్చాడు, పది రోజుల్లో ఇల్లు లేదు. దూలాలు, స్తంభాలు, ద్వారబంధాలు అన్నీ గుజరీకి పోయాయి. ఆంధ్రలో ఉండి చదివేవాళ్ళకి ఒక మాట చెప్పాలి, మా బెంగళూరు తెలుగులో గుజరీ అంటే పాత సామాన్ల అంగడి. కన్నడం వాళ్ళదీ అదే మాట.

ఆ ఇంటి ద్వారబంధం ఒకటి కావాలని నేను గుజరీ అంగడికి పోయాను. అంగడాయన కూడా మన తెలుగాయనే. గోడకు ఆనించిన దూలం మీద అరచేత్తో దుమ్ము తుడిచి, "రంగూన్ టేకు సార్ ఇది. నూరేండ్లు దాటినా ఎట్లుండాదో చూడండి. ఇప్పుడిట్లాంటిది యాడుండాది?" అన్నాడు.

రంగూన్ అనగానే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. దాంతోపాటు కొంచెం సిగ్గు కూడా.

మా ఇంట్లో రెండు తెలుగులు. నాయన వాళ్ళది హలసూరు, ఎన్ని తరాలుగా ఇక్కడ ఉన్నారో ఎవరూ లెక్క పెట్టలేదు. అమ్మ వాళ్ళది శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం పక్క పల్లె. ఏటి మీద కట్టింది నాయన వైపు వాళ్ళకి సేతువె, అమ్మ వైపు వాళ్ళకి వంతెన. పెళ్ళిళ్ళలో ఈ రెండు పక్షాలూ ఒకరి మాటకి ఒకరు నవ్వుకుంటారు. చిన్నప్పుడు నేను రెండు పక్షాలనీ చూసి నవ్వేవాణ్ణి, ఎందుకంటే నాది బడి తెలుగు.

అమ్మమ్మ మా దగ్గరికి వచ్చినప్పుడల్లా వాళ్ళ అయ్య కథ చెప్పేది. "మా అయ్య రంగమెల్లిపోనాడు బాబూ. మరి రానేదు." కథ మొత్తం అంతే. ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒకసారి అట్లాసు తెచ్చి వేలు పెట్టి చూపించాను, "రంగం కాదమ్మమ్మా, రంగూన్" అని. "ఏమో బాబూ, మాకైతే రంగమే" అంది. కోపం చేసుకోలేదు. కానీ ఆ తర్వాత నేను పక్కన ఉంటే ఆ పేరు పలకడం మానేసింది. "ఆ ఊరు" అనేది. ఆమె పోయేదాకా "ఆ ఊరు" గానే ఉండిపోయింది.

ఈ వ్యాసం ఒక కర్ర వంతెన చరిత్ర. అది బెంగళూరులో లేదు, ఆంధ్రలో లేదు, బర్మాలో ఉంది. మధ్యలో మాటల్లోకి పోతే క్షమించండి, ఈ వంతెనని మన తెలుగు మాటల నుంచి విడదీయడం నాకు చేతకాలేదు.

2018 జనవరిలో ఉద్యోగం పని మీద యాంగోన్ పోవలసి వచ్చింది. రెండు రోజులు సెలవు కలుపుకుని మండలే పోయాను. అక్కడికి దక్షిణంగా పది కిలోమీటర్ల పైచిలుకు దూరంలో అమరపుర అని చిన్న ఊరు. ఒకప్పుడు బర్మా రాజధాని, ఇప్పుడు మండలేలో కలిసిపోయినట్టే. మగ్గాల చప్పుడు వినిపించే వీధులు దాటి చెరువు గట్టుకి వస్తే కనిపిస్తుంది వంతెన. చెరువు పేరు తాంగ్‌తమాన్. వంతెన పేరు ఊ బెయిన్.

మొదటి చూపుకి అది వంతెనలాగే అనిపించదు. పొడుగ్గా ఒక పందిరి వేయడం మొదలుపెట్టి, గుంజలు పాతి, పైన ఆకు కప్పడం మరిచిపోయినట్టుంటుంది. పొడుగు 1,209 మీటర్లు. నీళ్ళలో నిలబడిన గుంజలు 1,086, గుంజల మధ్య ఖాళీలు 482. అంతా టేకు. చాలా మేర పక్కన పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. పలకలు కాలి కింద కదులుతాయి, సందుల్లోంచి నీళ్ళు కనిపిస్తాయి. బౌద్ధ సన్యాసులు, సైకిలు నడిపించుకుంటూ పోయేవాళ్ళు, బాతుల్ని తోలుకుపోయేవాళ్ళు, మనలాంటి ఫోటోలవాళ్ళు అందరికీ అదే దారి. ఎండాకాలం చెరువు వెనక్కి తగ్గితే వంతెన కిందే పంట వేస్తారట.

అమెరికాలో, స్విట్జర్లాండులో ఉన్నట్టు ఈ చివర నుంచి ఆ చివరి దాకా పైకప్పు ఉన్న వంతెన కాదిది. దారిలో సమానదూరంలో నాలుగు చోట్ల మాత్రం కప్పు వేసిన చావళ్ళున్నాయి. ఎండకీ వానకీ ఆగి కూర్చోవడానికి లోపల బల్లలు. వీటి సంగతి మళ్ళీ చెప్తాను.

1849లో పని మొదలుపెట్టి 1851లో ముగించారు. గుంజల్ని చెరువు అడుగులోకి ఏడడుగుల లోతు దిగగొట్టారు. పై కొసలని శంకువులాగా చెక్కారు, వాననీళ్ళు నిలిచి కర్ర కుళ్ళకుండా. గాలికీ నీటి తోపుకీ ఆగడానికని వంతెనని నిటారుగా కాకుండా కాస్త వంపుగా కట్టారు. మొదట చెరువులో గుంజలు 984 మాత్రమే, రెండు చివర్లా ఇటుకతో కట్టిన దారులు. తర్వాత ఆ ఇటుక దారుల బదులు కర్రవే వేశారు. వాటి గుంజలూ చావళ్ళ గుంజలూ కలిపి 1,086 లెక్క తేలింది. తొమ్మిది చోట్ల నేల పలకల్ని పైకి ఎత్తి పడవలకి దారి ఇచ్చే ఏర్పాటుంది. తూర్పు గట్టున చౌక్‌తోజీ గుడి, 1847లో పగాన్ మిన్ రాజు కట్టించినది. వంతెన లేని రోజుల్లో గుడికి పోవాలంటే చెరువు చుట్టూ తిరగాలి, లేదా పడవ ఎక్కాలి.

ఇంత టేకు ఎక్కడిది? ఇక్కడే నాకు ఆసక్తి. అడవికి పోయి కొట్టుకొచ్చింది కాదు. అవా అనే పాత రాజధానిలో వదిలేసిపోయిన రాజభవనం కర్ర. ఒక రకంగా గుజరీ కర్రే.

అవా, అమరపుర రెండూ ఐరావతి నది పక్కవే, కొద్ది మైళ్ళ ఎడం. బర్మా రాజులు రాజధాని మారిస్తే భవనాన్ని విప్పి వెంట తీసుకుపోయేవాళ్ళు. దూలం మీద దూలం కూర్చిన ఇల్లు కాబట్టి విప్పొచ్చు, మళ్ళీ కూర్చొచ్చు. బోదపాయ అనే రాజు 1783లో అమరపుర కట్టించాడు. అతని మనవడు మళ్ళీ అవాకి మారాడు. 1839 మార్చి 23న పెద్ద భూకంపం వచ్చి అవా కూలిపోయింది. 1840ల మొదట్లో రాజధాని తిరిగి అమరపుర వచ్చింది. అవాలో మిగిలిన దూలాలూ గుంజలే ఇప్పుడు తాంగ్‌తమాన్ చెరువులో నిలబడి ఉన్నాయి. దర్బారుకి కప్పు మోసిన కర్ర మీద బాతులు నడుస్తున్నాయి.

1839 అన్న సంవత్సరం మన తెలుగువాళ్ళకి ఇంకో లెక్కలో గుర్తుండాలి. అదే ఏడు నవంబరు 25న గోదావరి నోటి దగ్గర కోరంగి రేవుని ఉప్పెన ముంచేసింది. కోరంగి అంటే ఇప్పుడు మడ అడవులు చూడటానికి పోయే చోటు. ఆ కాలంలో ఓడలు కట్టే ఊరు. గోదావరి మీద తేలి వచ్చిన టేకుతో అక్కడ ఓడలు కట్టేవాళ్ళు, దూరం నుంచి వచ్చిన ఓడల్ని బాగు చేసేవాళ్ళు. 1789లో ఒకసారి ఉప్పెన తిని లేచిన ఊరు, 1839 తర్వాత మళ్ళీ ఆ స్థితికి రాలేదు. వ్యాపారం కాకినాడకి జరిగిపోయింది. ఆ ఏడు నుంచి బంగాళాఖాతం తుఫానుల మీద వరసగా రాస్తూ వచ్చిన కలకత్తా దొర హెన్రీ పిడింగ్టన్, 1848లో తన పుస్తకంలో 'సైక్లోన్' అనే కొత్త మాట వాడాడు. ఇవాళ రేడియోలో వినే ఆ మాట మన సముద్రం మీద పుట్టిందే.

అంటే బంగాళాఖాతానికి ఆ ఒడ్డున ఒక ఊరు మార్చిలో, ఈ ఒడ్డున ఒక ఊరు నవంబరులో, ఒకే ఏడు చితికిపోయాయి. అవా కర్ర వంతెన అయింది. కోరంగి సంగతేమిటి?

కోరంగి పేరు ఓడెక్కి బర్మా పోయింది. అక్కడ తెలుగువాడు ఏ ఊరివాడైనా సరే, శ్రీకాకుళమైనా విశాఖైనా, తెల్లదొరల కాగితాల్లో 'కోరంగీ'. రేవు చితికిన తర్వాత ఆ పేరు ఇంకా పెద్దదైంది. ఎందుకో చూద్దాం.

వంతెన పూర్తయింది 1851లో. 1852లో ఇంగ్లీషువాళ్ళతో రెండో యుద్ధం వచ్చి రంగూన్‌తో సహా దిగువ బర్మా అంతా వాళ్ళ చేతికి పోయింది. అమరపురలో రాజు మిగిలాడు కానీ సముద్రం పోయింది. ఆ మీదట ఐరావతి లంక భూముల్లో వరి పెరిగింది, రంగూన్‌లో బియ్యపు మిల్లులు లేచాయి, ఓడల్లో బస్తాలు ఎక్కించడానికి మనుషులు కావలసి వచ్చారు. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల నుంచి ఓడలు. మనుషుల్ని పోగు చేసేవాడు మేస్త్రీ. బెంగళూరులో మేస్త్రీ అంటే ఇల్లు కట్టేవాడు. రంగంలో మేస్త్రీ అంటే అడ్వాన్సు ఇచ్చి ఓడెక్కించి, అక్కడ కూలిలో కోసుకునేవాడు. మాట పోర్చుగీసు వాళ్ళది. అర్థాన్ని ఊరికో తీరుగా వంచింది మనమే.

పోయినవాళ్ళందరూ బస్తాలు మోసే దగ్గరే ఆగిపోలేదు. మల్లాడి సత్యలింగ నాయకర్ అసలు కోరంగిలోనే పుట్టినవాడు. రంగూన్ రేవులో సంపాదించి, ఆ ఆస్తి ధర్మకార్యాలకి రాసిపోయాడు. కాకినాడలో ఎం.ఎస్.ఎన్. ఛారిటీస్ అంటే అదే. ఆ విద్యాసంస్థల్లో చదివినవాళ్ళు బెంగళూరులో చాలామంది ఉన్నారు, వాళ్ళ ఫీజులో కొంత రంగం డబ్బు అని వాళ్ళకి తెలుసో లేదో.

ఇప్పుడు చావడి సంగతి. వంతెన మీద రెండో చావడిలో గంటసేపు కూర్చున్నాను. బర్మా భాషలో ఇలాంటి కప్పు వేసిన చోటుని జయాత్ అంటారు. ఊరి దారుల్లో, గుళ్ళ పక్కన, ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. నడిచి వచ్చినవాడు కూర్చుంటాడు, పడుకుంటాడు, ఎవరూ అద్దె అడగరు. కట్టించినవాడికి పుణ్యం. నాకు మాత్రం అది చావడే. మా అమ్మ ఊళ్ళో చావడి, హలసూరులో మా పాత వీధి చావడి, కన్నడంలో చావడి, తమిళంలో కూడా అదే మాట. దీన్నే తెల్లదొరలు చౌల్ట్రీ అన్నారు. బెంగళూరులో మనం పెళ్ళికి చౌల్ట్రీ బుక్ చేస్తాం కదా, దారిన పోయేవాడికి నీడ ఇచ్చే చోటే చివరికి గంటల లెక్కన బాడుగ తీసుకునే హాలు అయింది.

ఈ మాటని నిఘంటువులో ఎక్కించిన మనిషికి ఈ ఊరు తెలుసు. 1855లో ఆర్థర్ ఫేర్ నాయకత్వంలో ఇంగ్లీషువాళ్ళ రాయబార బృందం అమరపుర దర్బారుకి వచ్చింది. దానికి కార్యదర్శి హెన్రీ యూల్. అప్పటికి వంతెన వయసు నాలుగేళ్ళు. యూల్ ఆ ప్రయాణం మీద పెద్ద పుస్తకం రాశాడు, 1858లో వచ్చింది. 1886లో అదే యూల్, మద్రాసులో ఉద్యోగం చేసిన బర్నెల్‌తో కలిసి చేసిన పని హాబ్సన్-జాబ్సన్ నిఘంటువుగా అచ్చయింది. చౌల్ట్రీకి మూలంగా మలయాళం మాటతో పాటు తెలుగు చావడిని చూపించింది అందులోనే. టేకు కూడా ఉంది. మలయాళం తెక్క, పోర్చుగీసు నోట్లో తేక అయి, ఇంగ్లీషులోకి పోయింది. మన టేకు, తమిళ తేక్కు, కన్నడ తేగ అన్నీ ఒక చెట్టు కొమ్మలే.

ఆ నిఘంటువులో ఇంకో మాట ఉంది, తెలింగా. ఉత్తర హిందూస్థానంలో సిపాయిని తెలింగా అనేవాళ్ళు, తెలుగు దేశం నుంచి పోయిన సిపాయిల వల్ల. మా హలసూరు చెరువు పక్కన ఉన్న మద్రాస్ శాపర్ల యుద్ధ గౌరవాల్లో 'అవా' అని ఒకటుంది, 1824-26 మొదటి బర్మా యుద్ధానిది. ఆ గేటు ముందు నుంచి వేలసార్లు పోయినా, అమరపుర పోయేదాకా ఆ అవా ఏ అవానో నేను ఆలోచించలేదు. దక్షిణ బర్మాలో మోన్ జాతివాళ్ళని బర్మావాళ్ళు తలైంగ్ అనేవారు. అది తెలింగాణ నుంచే వచ్చిందని ఫేర్ వాదించాడు, ఆ తర్వాతి పండితులు చాలామంది ఒప్పుకోలేదు. మనవాళ్ళు సభల్లో ఈ తలైంగ్ ముక్కని రుజువైన సత్యంలాగా చెప్తుంటారు, కొంచెం ఆగితే మంచిది.

వంతెనకి పేరు ఇచ్చిన మనిషి గురించి గైడ్లు 'మేయర్' అని చెప్పి వదిలేస్తారు. ఊ బెయిన్ నగరాధికారి దగ్గర గుమాస్తా, ముస్లిం. పైన ఉన్న నగరాధికారి బాయ్ సాహెబ్ కూడా ముస్లిమే. పగాన్ మిన్ రాజ్యంలో ఇద్దరూ బాగా పైకి వచ్చారు. జనం దగ్గర దోచుకున్నారనీ, డబ్బున్నవాళ్ళని చంపించారనీ వాళ్ళ మీద చెడ్డ పేరు. చివరికి ఏ రాజు దగ్గర పెరిగారో ఆ రాజే ఇద్దరికీ మరణశిక్ష వేయించాడు. పగాన్ మిన్ కూడా ఎక్కువ కాలం లేడు, 1853లో తమ్ముడు మిండాన్ సింహాసనం తీసుకున్నాడు. మిండాన్ మండలే కట్టుకుని అమరపుర భవనాన్ని విప్పించి ఏనుగులతో మోయించాడు. ఆ మండలే భవనం 1945 మార్చిలో యుద్ధంలో కాలిపోయింది. మిండాన్ పోయాక అతని కొడుకు తీబా ఒక గదుల వరసని బయటికి విప్పించి సన్యాసుల మఠంగా ఇచ్చేశాడు, ఆ ఒక్క ముక్క మాత్రం మిగిలింది. శ్వేనందా మఠం అంటారు. తీబానే 1885లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకుని ముందు మద్రాసుకి, తర్వాత రత్నగిరికి పంపారు.

కాబట్టి లెక్క చూస్తే ఇన్ని భవనాల్లో ఇవాళ్టికి నిలబడ్డ కర్ర రెండు చోట్లే ఎక్కువ కనిపిస్తుంది: సన్యాసులకి ఇచ్చేసింది, జనం నడవడానికి వేసింది. హైదరాబాదులో లక్డీకాపూల్ అంటే కర్ర వంతెన అనే కదా, అక్కడ కర్ర పోయి పేరు మిగిలింది. ఇక్కడ రెండూ ఉన్నాయి.

మండలే నుంచి తిరిగి వచ్చాక యాంగోన్‌లో ఒక తెలుగువాళ్ళ గుడికి పోయాను. వీధి బోర్డులు బర్మా లిపివి. దూరం నుంచి చూస్తే ఆ గుండ్రాలు తెలుగులాగే ఉంటాయి, దగ్గరికి పోతే ఒక్కటీ రాదు. రెంటికీ పూర్వం దక్షిణ బ్రాహ్మే. గుళ్ళో ఒక ముసలమ్మ పూలు గుచ్చుతోంది. నేను తెలుగులో దండం పెట్టగానే తలెత్తింది.

"ఏ ఊరు బాబూ మీది?"

"బెంగళూరండీ."

"అదెక్కడ, మద్రాసు కాడా?"

"ఆ పక్కే."

"మా అత్తోరిది టెక్కలి కాడ. నాను ఎల్నేదు. మా అమ్మా ఎల్నేదు. రంగంలనే పుట్టినాం."

రంగం! అమ్మమ్మ పోయాక ఆ మాట ఇంకొకరి నోట వినడం అదే. అంతలో మనవడు కాబోలు, ఒక కుర్రాడు వచ్చి ఏదో అడిగాడు. ఆమె బర్మా భాషలో జవాబు చెప్పింది, అందులో యాంగోన్ అని వినిపించింది. బర్మాలో యాంగోన్, తెలుగులో రంగం, రెండూ ఆమెవే. రెంటి మధ్య ఆమెకి ఏ వంతెనా అవసరం పడలేదు.

రాత్రి హోటల్లో చదువుకుంటే అసలు సంగతి తెలిసింది. ఆ పేరు 1755లో అలౌంగ్‌పాయ అనే రాజు పెట్టింది, 'పోరు ముగిసింది' అని అర్థం. బర్మా రాతలో ఆ పేరు మొదటి అక్షరం ఇప్పటికీ 'ర'నే. మధ్య బర్మావాళ్ళ నోట్లో ఆ 'ర' 'య' అయిపోయింది. అరకాన్ వైపు వాళ్ళు ఇంకా 'ర' అనే పలుకుతారు. మా అమ్మమ్మ 'రంగం'లో ఉన్న 'ర' ఆ పాత 'ర'. చివర 'అం' మనది. ఊనుతో ముగిసే పేరు తెలుగు నోటికి కుదరక, అప్పటికే ఉన్న రంగం అన్న మాట పక్కన చేరిపోయిందని నేను అనుకుంటున్నాను. మన భాషలో కుదురుకోవడానికి అది చాలినంత పని చేసింది. రంగూన్ అన్నది దొరల పలుకుబడి. అంటే ఎనిమిదో తరగతిలో నేను చేసిన దిద్దుబాటు, ఒక అరువు పలుకుబడిని తీసి ఇంకో అరువు పలుకుబడి పెట్టడం. అట్లాసులో ఉంది కాబట్టి అదే సరైనది అనుకున్నాను.

ఆ ముసలమ్మని ఇంకో మాట అడిగాను. కోరంగీ అని మిమ్మల్ని అంటారా అని. ఆమె పూల దారం ఆపింది. "ఆ మాట వద్దు బాబూ. అది తిట్టు" అంది. నేను ఊరు పేరు కదండీ అనబోయి ఊరుకున్నాను. ఒకసారి ఒక ముసలమ్మకి మాట దిద్ది చూశాను, అది చాలు.

ఆ మాట తిట్టుగా ఎలా మారిందో చరిత్ర చదివితే అర్థమవుతుంది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడలవాళ్ళు బర్మా కూలీలని పనిలోకి దింపారు. సమ్మె తీరాక తెలుగువాళ్ళని వెనక్కి తీసుకుని బర్మావాళ్ళని పొమ్మన్నారు. మే 26న కొట్లాట మొదలైంది, తెలుగువాళ్ళు ఎందరో చచ్చిపోయారు. అప్పటి రంగూన్‌లో సగానికి పైగా జనం ఇండియా నుంచి పోయినవాళ్ళే. తక్కువ కూలికి పనిచేసే పేదవాళ్ళని ఇంకో పేదవాళ్ళు తిట్టే మాటగా ఒక రేవు పేరు మిగిలింది. మధ్యలో లాభం చేసుకున్నవాళ్ళకి ఏ తిట్టు పేరూ పడలేదు.

1937 ఏప్రిల్‌లో బర్మా ఇండియా నుంచి విడిపోయింది. మా అమ్మమ్మ వాళ్ళ అయ్య ఆ దగ్గర్లోనే పోయినట్టు లెక్క, ఆమెకి అప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు. బియ్యపు మిల్లులో పని. మూడు నెలలకోసారి మనియార్డరు వచ్చేది. 1941 డిసెంబరు 23న జపాను వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. ఓడలు చాలలేదు, ఉన్నవాటిలో డబ్బున్నవాళ్ళకి చోటు దొరికింది. లక్షలమంది కాలినడకన బయలుదేరారు. కొందరు అరకాన్ కొండల మీదుగా, కొందరు మండలే దాకా పోయి అక్కడి నుంచి చింద్విన్ నది దాటి మణిపూర్‌కి. 1942 ఏప్రిల్ 3న మండలే మీద కూడా బాంబులు పడ్డాయి. ఆ నెల 30న, వెనక్కి పోతున్న ఇంగ్లీషు సైన్యం ఐరావతి మీది అవా రైలు వంతెనని పేల్చేసింది. ఇనుప వంతెన అలా విరిగింది. పక్కనే చెరువు మీద కర్ర వంతెనని ఎవరూ పట్టించుకోలేదు, అది అలాగే ఉంది.

మనియార్డర్లు ఆగిపోయాయి. కాలరాతో దారిలో పోయాడో, మిల్లు దగ్గరే పోయాడో, ఎవరూ వచ్చి చెప్పలేదు. మా ముత్తవ్వ బొట్టు తియ్యడానికి ఒప్పుకోలేదట. నడిచి వచ్చినవాళ్ళు ఊరికి వచ్చినప్పుడల్లా పోయి అడిగేది. 1964లో అక్కడి సర్కారు అంగళ్ళూ మిల్లులూ స్వాధీనం చేసుకుంటే ఇంకో విడత జనం తిరిగి వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అలాంటి పేరే. అప్పుడు కూడా అడిగించిందట.

ఊ బెయిన్ వంతెన గుంజలు ఇప్పుడు చాలా చోట్ల కుళ్ళుతున్నాయి. చెరువులో చేపల పెంపకం పెట్టాక నీరు కదలక నిలవ ఉంటోంది, వరదలు వచ్చినప్పుడు దెబ్బ తగులుతోంది. కొన్ని గుంజల బదులు సిమెంటు స్తంభాలు వేశారు, దూరం నుంచే తెలిసిపోతాయి. కొన్ని గుంజలైతే అడుగున విరిగిపోయి నేలకి తగలడమే లేదు. అడ్డంగా బిగించిన దూలాలు పట్టుకుని ఉండబట్టి ఇంకా వేలాడుతున్నాయి. నేను వంగి చూశాను ఒకదాన్ని. మొదట నమ్మలేదు.

గుజరీ అంగడాయన ద్వారబంధానికి పద్దెనిమిది వేలు చెప్పాడు. పదమూడుకి తెగింది. మా అపార్టుమెంటులో అంత ఎత్తు ద్వారబంధం ఎక్కడ పట్టదు, కోయించి పూజగదికి గడప చేయించాను. వడ్రంగి రంపం పెట్టగానే లోపల నుంచి నూనె వాసన వచ్చింది, నిన్న కోసిన కర్రలాగా.

అమ్మ చేత్తో నిమిరి చూసింది. "రంగం టేకేనా?" అంది.

"రంగం టేకే" అన్నాను.